సఫారీ అంటే ప్రయాణం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



సఫారీ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే మా నాన్నగారి బీరువాలో వేలాడే బూడిదరంగు సఫారీ సూటు గుర్తొస్తుంది. ఒకప్పుడు పెళ్లిళ్లలో పెద్దమనుషులంతా అదే వేసుకుని తిరిగేవారు కదూ! కాని తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో సఫారీ అంటే వట్టి ప్రయాణం. ఊరెళ్లినా సఫారీయే. అంత మామూలు మాట ఎన్ని బరువులు మోసిందో, కెన్యా దేశంలోని సావో జాతీయవనం చూసి వచ్చాకగాని నాకు తెలియలేదు.

మా ఆడపడుచు కాపురం నైరోబీలో. "వదినా, ఒక్కసారి రండి, ఏనుగుల్ని చూపిస్తాను" అని రెండేళ్లు పోరితే చివరికి బయల్దేరాం. నైరోబీలో పొద్దున్నే రైలెక్కి వోయి అనే ఊళ్లో దిగాం. అక్కడినుంచి జీపు. సావో తూర్పు, సావో పడమర అని రెండు వనాలు, కలిపితే 20 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. నేలంతా ఎర్రమట్టి. మన పల్లెల్లో జాజు పూసిన అరుగులున్నట్టు ఏనుగులూ ఎర్రగా ఉన్నాయి. ఆ మట్టిని తొండంతో ఒంటిమీద చల్లుకుంటాయి. ఎండకీ, పురుగులకీ అదే వాటి పౌడరు!

సావో అనే మాటకి అక్కడి కాంబా భాషలో ఊచకోత అని అర్థం చెబుతారు. మన చెవికి చావు అన్నట్టు వినపడటం కాకతాళీయమే అనుకోండి. కాని ఆ నేల చరిత్ర వింటే పేరు సరిగానే పెట్టారనిపిస్తుంది.

ముందు దంతం సంగతి చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దంలో సఫారీ అంటే బిడారు. లోపలి అడవులనుంచి సముద్రతీరం దాకా వందల మైళ్లు, నెలల తరబడి, కూలీలు ఏనుగు దంతాలు భుజాన మోసుకొచ్చేవారు. ఒక్కొక్కరి భుజం మీద ముప్పై కిలోల బరువు. వాళ్లలో కూలికి వచ్చినవారూ ఉన్నారు, బానిసలూ ఉన్నారు. ఆ సరుకు జాంజిబారు దీవికి చేరి, అక్కడినుంచి ఓడల్లో చాలాభాగం బొంబాయికి వచ్చేది. ఎందుకంటారా? గాజులకి!

గుజరాత్, కచ్ఛ్, రాజస్థాన్ ప్రాంతాల్లో పెళ్లికూతురికి దంతపు గాజులు వేసే ఆచారం ఉండేది. ఆఫ్రికా దంతం మన ఏనుగు దంతం కంటే మెత్తన, చెక్కడానికి అనువు. భర్త పోతే ఆ గాజులు తీసి పగలగొట్టేవారు. సువాసినిగా పోతే ఆమెతోపాటే చితికెక్కేవి. అంటే ఒకరి గాజులు ఇంకొకరికి పనికిరావన్నమాట. ప్రతి పెళ్లికీ కొత్త దంతమే కావాలి. యూరపు, అమెరికాల్లో పియానో మెట్లకీ, బిలియర్డు బంతులకీ దంతం విపరీతంగా వాడింది ఆ తర్వాతి కాలంలో. మా అమ్మమ్మ దగ్గర ఒక దంతపు కుంకుమభరిణె ఉండేది. చిన్నప్పుడు దాని నునుపు చూసి మురిసిపోయేదాన్ని. అది ఏ దేశపు ఏనుగుదో ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఇక రెండో సంగతి రైలు. బ్రిటిషువారు 1896లో మొంబాసా రేవునుంచి పట్టాలు వేయడం మొదలుపెట్టి 1901కి విక్టోరియా సరస్సు చేరుకున్నారు. పనికి ఇండియానుంచి సుమారు 32 వేలమంది కూలీలను ఓడల్లో తీసుకువెళ్లారు, ఎక్కువమంది పంజాబు ప్రాంతంవారు. వాళ్లలో దాదాపు 2,500 మంది జబ్బులకీ, ప్రమాదాలకీ అక్కడే రాలిపోయారు. సావో నదిమీద వంతెన కడుతున్నప్పుడు, 1898లో, జూలులేని రెండు మగసింహాలు రాత్రిపూట డేరాల్లోంచి మనుషుల్ని ఈడ్చుకుపోయాయి. తొమ్మిది నెలలు! ముళ్లకంచె వేసినా, మంటలు పెట్టినా ఆగలేదు. భయపడి కూలీలు పారిపోతే కొన్నాళ్లు పనే ఆగిపోయింది. చివరికి ఇంజనీరు ప్యాటర్సన్ డిసెంబరులో రెంటినీ కాల్చి చంపాడు. 135 మందిని తిన్నాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆ సింహాల చర్మాలు ఇప్పుడు చికాగో మ్యూజియంలో ఉన్నాయి. 2009లో వాటి వెంట్రుకలూ ఎముకలూ పరీక్షించిన శాస్త్రజ్ఞులు ఆ సంఖ్య 35 దాకా ఉండొచ్చని తేల్చారు. అంకె తగ్గితే మాత్రం, వాళ్ల ఊళ్లలో ఎదురుచూసిన తల్లులకీ, భార్యలకీ దుఃఖం తగ్గుతుందా?

రైలు పడ్డాక తుపాకులు దిగాయి. అమెరికా అధ్యక్ష పదవినుంచి దిగిన రూజ్‌వెల్ట్ 1909లో ఇదే రైలులో, ఇంజను ముందు కూర్చుని, అడవి చూసుకుంటూ వెళ్లాడు. ఆ ప్రయాణంలో ఆయనా, కొడుకూ కలిసి 512 జంతువులను కాల్చారు. సఫారీ అంటే దొరలవేట అనే అర్థం లోకమంతా పాకింది అలాంటివాళ్ల వల్లనే.

1948లో సావోని జాతీయవనం చేశారు. మంచిపనే కదా అనుకుంటాం. కాని ఆ అడవిలో తరతరాలుగా ఏనుగును వేటాడి బతికే ఒక తెగ ఉంది. వాళ్ల పేరు వాటా. ఒక చెట్టునుంచి తీసిన విషం బాణానికి పూసి, పెద్ద విల్లుతో వేస్తారు. నిన్నటిదాకా వేట వాళ్ల వృత్తి, ఇవాళ అదే దొంగతనం. 1956, 57 సంవత్సరాల్లో వాళ్లలో ఎందరినో పట్టి జైళ్లలో పెట్టారు. డబ్బున్న దొర లైసెన్సు కొనుక్కుని వనం బయట ఏనుగును కొడితే అది వినోదం. మన భాషలో వాటా అంటే భాగం. పాపం, ఆ పేరు పెట్టుకున్నవాళ్లకే అడవిలో వాటా లేకుండా పోయింది!

తర్వాత 1970, 71లో కరువు వచ్చింది. వేల ఏనుగులు చచ్చిపోయాయి. వాటిలో తల్లులూ పిల్లలే ఎక్కువ. ఎందుకో తెలుసా? నదిలో నీళ్లున్నాయి, కాని ఆ చుట్టుపక్కల మేత అయిపోయింది. మగ ఏనుగులు దూరం పోయి మేసి రాగలవు. పసిపిల్లలు అంతదూరం నడవలేవు గనక తల్లులు నీటిని వదిలి వెళ్లలేదు. పిల్లల దగ్గరే నిలబడి ఆకలితో పడిపోయాయి. ఇది విన్నప్పుడు జీపులో నా నోట మాట రాలేదు.

ఇక్కడే ఒక ఇల్లాలి కథ చెప్పాలి. సావో తూర్పు వనానికి అధికారిగా 1976 దాకా పనిచేసిన డేవిడ్ షెల్డ్రిక్ గారి భార్య డాఫ్నీ. తల్లిపోయిన ఏనుగు పిల్లలు ఆవిడ ఇంటికి వచ్చేవి. పాలు తాగే పసికూనలకి ఆవుపాలు పడితే విరేచనాలై చచ్చిపోయేవి. ఆవుపాలలోని కొవ్వు వాటికి అరగదు. ఏళ్ల తరబడి రకరకాలు కలిపి చూసి, చివరికి 1974లో కొబ్బరినూనె కలిసిన డబ్బాపాలు పడతాయని కనిపెట్టారు. పెద్ద చదువుల ప్రయోగశాల కాదు, వంటింటి ఓపిక! ఆ పాలతో బతికిన మొదటి కూన పేరు ఐషా. ఆరునెలలు వచ్చాక కూతురి పెళ్లికని ఆవిడ కొద్దిరోజులు వెళ్తే, ఐషా బెంగపెట్టుకుని పాలు ముట్టక ప్రాణం వదిలింది. ఒక్క మనిషికే అలవాటు చేయకూడదని ఆవిడ నేర్చుకున్నది అప్పుడే. ఇప్పటికీ నైరోబీలోని ఆ అనాథాశ్రమంలో కాపరులు వంతులవారీగా కూనల పక్కనే పడుకుంటారు. పెరిగాక వాటిని సావోకే పంపుతారు.

కాని ఎన్ని కూనలను పెంచితే సరిపోతుంది? కెన్యా 1977లో వేటను నిషేధించినా దొంగలు ఆగలేదు. ఒకప్పుడు 30 వేలు దాటిన సావో ఏనుగులు 1988 లెక్కలో ఆరువేలలోపే మిగిలాయి. మరుసటి ఏడు జూలైలో అధ్యక్షుడు మోయి 12 టన్నుల దంతాలు పేర్పించి తానే నిప్పు పెట్టాడు. అంత సొమ్ము తగలబెడతారా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే దేశాల మధ్య దంతం వ్యాపారాన్ని నిషేధించడానికి ఒప్పందం కుదిరింది. 1991లో మన దేశమూ ఆఫ్రికా దంతం అమ్మకాలను నిషేధించింది. కొనేవాళ్లు తగ్గాక ఏనుగులు పెరిగాయి. 2021 లెక్కలో సావో ప్రాంతంలో దాదాపు 15 వేలు ఉన్నాయి.

చివరిరోజు మా జీపు నడిపిన పెద్దాయనని, "మీకూ ఏనుగులంటే ఇష్టమేనా?" అని అడిగాను. నవ్వి, "మీరు చూడ్డానికి వచ్చారు గనక మీకది ఏనుగమ్మా. రాత్రి మా మొక్కజొన్న చేలో పడితే మాకది దొంగ" అన్నాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో కొందరు చేను చుట్టూ తేనెపెట్టెలు తీగకు వేలాడదీస్తున్నారట. ఏనుగుకి తేనెటీగలంటే భయం. పంటా దక్కుతుంది, తేనే వస్తుంది. అడవిని కాపాడటమంటే ఆ ఊరివాడి కంచంలో కూడూ కాపాడాలని ఆ మాటతో తెలిసింది.

తిరుగురైలులో మా ఆడపడుచు పిల్లలు ఫోటోలు చూసుకుంటూంటే నేను నా చేతి గాజులు చూసుకుంటూ కూర్చున్నాను. మట్టిగాజులే. ఒకనాడు సఫారీ భుజాన దంతం ఉండేది, తర్వాత తుపాకీ, ఇప్పుడు కెమెరా. బరువు తగ్గుతూ వచ్చిందంటే మగవాళ్ల చట్టాల వల్ల మాత్రమే కాదు, ఎక్కడో ఒక పెళ్లికూతురి చేతికి దంతపుగాజు అక్కర్లేకపోవడం వల్ల కూడా. ఇక ముందు మనమేదన్నా అందమైన వస్తువు కొనేటప్పుడు, ఇది ఎవరి ఒంటిమీదనుంచి వచ్చింది అని ఒక్కమాట అడుగుదాం. మా అమ్మమ్మ కాలంలో అడగలేదు. మనం అడగొచ్చు.