ఇంజన్ ‘మిస్సింగ్’: నూరేళ్లుగా అడుగుతున్న ఒకే ప్రశ్న

పాత కారు ఇంజన్ కుంటుకుంటూ నడిస్తే మన ఊళ్ళ మెకానిక్కులు ‘మిస్సింగ్ కొడుతోంది’ అంటారు. పుస్తకాల్లో దాని పేరు మిస్‌ఫైర్. ఇక్కడ జార్జ్ టౌన్‌లో మెకానిక్కును ‘పోమెన్’ అని పిలుస్తారు. ఇంగ్లీషు ఫోర్‌మన్ అనే మాటే మలయ్ వాళ్ళ నోట అలా మారింది. మెకానిక్కు అన్నా, పోమెన్ అన్నా ఆయన ముందుకు వచ్చే జబ్బు మాత్రం ఒకటే. ఇంజన్ వణుకుతుంది, పికప్ ఉండదు, పెట్రోలు తాగేస్తుంది. ప్లగ్గులు మార్చినా, వైర్లు మార్చినా రెండు రోజులకు మళ్ళీ మొదటికే వస్తుంది.

మన క్యాంపుల్లో ఉండేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. అది నలుగురు చందాలు వేసుకుని నడుపుకునే పాత కారు కావచ్చు, కాంట్రాక్టరు సైటుకు పంపే వ్యాన్ కావచ్చు. దారిలో ఆగితే పోయేది మన డ్యూటీ గంటలే. లెక్క వేసి చూడండి. 2025లో మలేషియా ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం నెలకు 1,700 రింగిట్లు. నెలకు 26 పనిదినాలు అనుకుంటే రోజుకు 65 రింగిట్లు. ఎవరో ఊహించి చెప్పారని 200 రింగిట్లు పెట్టి ఒక పార్టు మార్పిస్తే, అది తప్పని తేలితే, మూడు రోజుల కూలి గాలిలో కలిసినట్టే. దానికి తోడు 2025 సెప్టెంబర్ 30న మొదలైన లీటరు 1.99 రింగిట్ల పెట్రోలు పథకాన్ని మలేషియా పౌరుల కోసమే పెట్టారు. విదేశీయులకు ఆ తగ్గింపు ఇవ్వలేదు. కాలకుండా పొగగొట్టంలోంచి పోయే పెట్రోలును మనం పూర్తి ధర పెట్టి కొంటున్నామన్న మాట.

మరి ఈ జబ్బును ఊహతో కాకుండా పద్ధతిగా పట్టుకోవడం ఎలా? దానికి జవాబు ఇంజన్ చరిత్రలోనే ఉంది. నూరేళ్లకు పైగా మెకానిక్కులు మిస్సింగ్ కొట్టే ఇంజన్‌ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: నాలుగు సిలిండర్లలో పని మానేసింది ఏది?

మిస్సింగ్ అంటే ఏమిటి?

మామూలు పెట్రోలు కారులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఇంజన్ రెండు చుట్లు తిరిగేలోగా ఒక్కొక్క సిలిండర్‌లో ఒక్కసారి మంట పుడుతుంది. కారు నిలబడి ఉండగా ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతోంది అనుకుందాం. అప్పుడు ఒక్కో సిలిండర్‌లో 400 సార్లు, నాలుగింటిలో కలిపి 1,600 సార్లు మంట పుట్టాలి. ఒక సిలిండర్ మూగబోతే నిమిషానికి 400 దెబ్బలు తగ్గుతాయి. మన చేతికి తెలిసే వణుకు అదే.

మంట పుట్టాలంటే మూడు కావాలి. సరైన సమయానికి స్పార్కు రావాలి. గాలి, పెట్రోలు సరైన పాళ్ళలో కలవాలి. ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్ ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిస్సింగే. ఇంజన్లు ఎంత మారినా ఈ మూడు సూత్రాలు మాత్రం మారలేదు.

చెవితో వినే కాలం

1908లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారును తెచ్చింది. 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా ఆ కార్లు తయారయ్యాయి. దాంట్లో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ చొప్పున నాలుగు చెక్క పెట్టెలు ఉండేవి. ప్రతి పెట్టె మీద ఒక సన్నటి రేకు జుయ్యిమని కొట్టుకునేది. అది కొట్టుకుంటేనే స్పార్కు.

ఇంజన్ మిస్సింగ్ కొడితే డ్రైవరు మూత తీసి ఒక్కో రేకునూ వేలితో కదలకుండా నొక్కి పట్టేవాడు. నొక్కగానే ఇంజన్ ఇంకా నీరసపడితే ఆ సిలిండర్ బాగున్నట్టు. నొక్కినా ఇంజన్ శబ్దంలో తేడా రాకపోతే అది ముందే చచ్చి ఉన్నట్టు. మీటరు లేదు, కంప్యూటరు లేదు. దొంగను పట్టడానికి ఒక వేలూ ఒక చెవీ సరిపోయాయి.

అదే కాలంలో చార్లెస్ కెటరింగ్ అనే అమెరికా ఇంజనీరు వేరే పద్ధతి తెచ్చాడు. 1910 మోడల్ కాడిలాక్ కార్లలో దాన్ని వాడారు. ఒకే కాయిల్, ఒక జత పాయింట్లు, నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్ – ఈ ఏర్పాటుదే తర్వాత అరవై ఏళ్ళకు పైగా రాజ్యం. మన ఊళ్ళలో తిరిగిన పెట్రోలు అంబాసిడర్లు కూడా ఈ బాపతే. పాయింట్లను గరుకు కాగితంతో రుద్ది, కార్బరేటర్ ఊది మన మెకానిక్కులు బండిని దారిలో పెట్టేవారు.

లారీల దగ్గర పనిచేసిన మన సోదరులకు ఇదే పరీక్ష ఇంకో రూపంలో తెలుసు. పాత డీజిల్ లారీ మిస్సింగ్ కొడితే మెకానిక్కు ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును కొంచెం వదులు చేస్తాడు. శబ్దం మారితే ఆ సిలిండర్ మంచిదే. మారకపోతే రోగం అక్కడే ఉంది. (ఈ పని పాత పంపులున్న ఇంజన్లకే. ఇప్పటి కామన్‌రైల్ డీజిల్ ఇంజన్లలో పైపు నట్టు వదిలితే ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకే దూసుకుపోతుంది. ప్రాణానికే ముప్పు.)

కంటికి కనబడని పెట్రోలు

కార్బరేటర్‌లో పెట్రోలును గాలే లాక్కుంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్‌లో కరెంటుతో తెరుచుకునే చిన్న మీట పెట్రోలును కొలిచి చల్లుతుంది. ఈ ఆలోచనను మొదట అమ్మకానికి తెచ్చింది అమెరికాలోని బెండిక్స్ కంపెనీ. 1957లో ప్రకటించిన ఆ పరికరం పేరు ఎలక్ట్రోజెక్టర్. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో కొద్దిగా అమర్చారు. అప్పటి ఎలక్ట్రానిక్ భాగాలు ఎండకూ వణుకుకూ తట్టుకోలేకపోయాయి. చాలా కార్లకు దాన్ని పీకేసి మళ్ళీ కార్బరేటర్లే బిగించారు.

బెండిక్స్ పేటెంట్ల హక్కులు తీసుకుని జర్మనీకి చెందిన బాష్ కంపెనీ ఆ పనిని ముందుకు నడిపింది. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారుకు డి-జెట్రానిక్ అనే పద్ధతి వచ్చింది. 1979లో అదే కంపెనీ మోట్రానిక్ పేరుతో స్పార్కునూ పెట్రోలునూ ఒకే కంప్యూటరు చేతిలో పెట్టింది. బండి నడక మెరుగుపడింది, పొగ తగ్గింది. మెకానిక్కుకు మాత్రం కొత్త చిక్కు వచ్చిపడింది. కార్బరేటర్ మూత తీసి చూస్తే పెట్రోలు కనబడేది. ఇంజెక్టర్ లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు.

‘వీర’ వచ్చిన దారి

మలేషియాలో సొంత కారు కోసం ప్రోటాన్ కంపెనీ 1983లో పుట్టింది. జపాన్ కంపెనీ మిట్సుబిషి సాయంతో 1985 జూలైలో ప్రోటాన్ సాగా రోడ్డెక్కింది. అది కార్బరేటర్ బండి. అదే ఏడాది పెనాంగ్ వంతెన కూడా తెరుచుకుంది. మొత్తం 13.5 కిలోమీటర్ల పొడవులో 8.4 కిలోమీటర్లు సముద్రం మీదే. అంతకుముందు బటర్‌వర్త్ నుంచి జార్జ్ టౌన్‌కు కారు రావాలంటే ఫెర్రీ ఒక్కటే దారి. ఫెర్రీలో ఇంజన్ ఆపేసి కూర్చోవచ్చు. వంతెన మీద ఆ వీలు లేదు. మధ్యలో ఇంజన్ మొరాయిస్తే వెనక లారీలు తరుముకొస్తుంటాయి. 2020 చివరితో ఫెర్రీలో కార్లు ఎక్కించడం కూడా ఆగిపోయింది.

1993లో ప్రోటాన్ వీరా వచ్చింది. మలయ్‌లో ‘వీరా’ అంటే వీరుడే. మనకూ వాళ్ళకూ ఆ మాట సంస్కృతం నుంచి వచ్చింది. వీరాతో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇక్కడి మామూలు కుటుంబాల ఇంటి ముందుకు చేరింది. 2009 వరకు ఆ కారును తయారు చేశారు. ఇప్పటికీ పెనాంగ్ సందుల్లో కనిపించే పాత కార్లలో వీరా ఒకటి.

మన దేశంలో ఈ మార్పు కొంచెం ఆలస్యంగా వచ్చింది. 1998లో హ్యుండాయ్ శాంత్రో ఇంజెక్షన్‌తోనే దిగింది. 2000 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఆ రోజుల్లో మారుతి కార్ల వెనక ‘ఎంపీఎఫ్ఐ’ అని రాసి ఉండేది గుర్తుందా? ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉందని దాని అర్థం.

కంప్యూటరు లెక్కపెట్టని కార్లు

అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కొత్త కార్లకూ ఒక నియమం పెట్టారు. మిస్సింగ్‌ను కారే కనిపెట్టి కోడ్ రూపంలో చెప్పాలి. క్రాంక్‌షాఫ్ట్ వేగంలో వచ్చే చిన్న తడబాటును బట్టి కంప్యూటరు లెక్క కడుతుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది. పి0300 అంటే ఫలానా సిలిండర్ అని చెప్పలేని మిస్సింగ్.

1990ల్లో మలేషియా రోడ్ల కోసం తయారైన చాలా కార్లలో ఈ లెక్కింపు లేదు. సెన్సార్ వైరు తెగితే అవి చెబుతాయి గానీ రెండో సిలిండర్ పడుకుందని చెప్పవు. పాత ఇంజెక్షన్ కార్లలో చిక్కంతా ఇక్కడే. కార్బరేటర్ బండిలా కంటికి కనబడదు, కొత్త బండిలా నోరు తెరిచి చెప్పదు. అందుకే చాలాచోట్ల చేతికందిన పార్టు మార్చి చూస్తారు. ఆ బిల్లు మనం కడతాం.

వరసగా వెతకడం ఇలా

మొదట గమనించాల్సింది మిస్సింగ్ ఎప్పుడు వస్తోందన్నది. వానలో, తెల్లవారి తేమలో వస్తే కరెంటు లీకు మీద అనుమానం. పెనాంగ్ లాంటి ఉక్క ఊళ్ళో ఇది మామూలే. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే పాత ప్లగ్గు వైర్ల మీద నీలం మెరుపులు కనబడతాయి. నిలబడి ఉన్నప్పుడు వణికి, వేగం పెంచితే సర్దుకుంటే గాలి లీకు ఉండవచ్చు. ఎక్కేటప్పుడు మాత్రమే కొడితే ప్లగ్గు, వైరు బలహీనమో, పెట్రోలు చాలడం లేదో చూడాలి.

తర్వాత మోడల్ టి నాటి పరీక్షే. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ కరెంటు క్లిప్పును తీసి మళ్ళీ పెట్టాలి. తీసినప్పుడు ఇంజన్ పడిపోతే ఆ సిలిండర్ మంచిది. తేడా రాకపోతే దొంగ అదే. నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్గు వైరును చేత్తో పీకవద్దు. అందులో వేల వోల్టులు ఉంటాయి. పైగా కాలని పెట్రోలు పొగగొట్టంలోని కన్వర్టర్‌లోకి వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది.

సిలిండర్ దొరికాక, ఇంజన్ ఆపి చల్లారాక ప్లగ్గు విప్పి చూడాలి. పెట్రోలుతో తడిసి ఉంటే చాలాసార్లు స్పార్కు రావడం లేదని. పొడిగా తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదని. నల్లగా ఆయిల్ పట్టి ఉంటే రింగులో, వాల్వు సీలో అరిగాయని.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఆ ప్లగ్గును పక్క సిలిండర్ ప్లగ్గుతో మార్చి బిగించాలి. మిస్సింగ్ పక్క సిలిండర్‌కు పోతే తప్పు ప్లగ్గుదే. పోకపోతే పాత ప్లగ్గు మంచిదే, కొత్తది కొననక్కర్లేదు. పొడవు సరిపోతే వైర్లనూ ఇలాగే మార్చి చూడవచ్చు. వీరాలో మంట వరస 1-3-4-2. అది తప్పకుండా ప్రతి వైరునూ దాని సిలిండర్‌కే చేర్చాలి. డిస్ట్రిబ్యూటర్ మూత లోపల పెన్సిల్ గీతలాంటి నల్లటి జాడ ఉంటే కరెంటు అటు పారుతోందని గుర్తు.

స్పార్కు బాగుంటే ఇంజెక్టర్ వంతు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్ మీద ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ అని వినిపించాలి. నాలుగింటిలో ఒకటి మూగగా ఉంటే దాని వైరునూ కాయిల్‌నూ మీటరుతో చూడాలి. అదీ బాగుంటే చివరిది కంప్రెషన్ గేజి. ఒక సిలిండర్‌లో మిగతావాటి కన్నా బాగా తక్కువ వస్తే ఎన్ని ప్లగ్గులు మార్చినా లాభం లేదు. అది ఇంజన్ విప్పే పని.

మిస్సింగ్ ఒక్క సిలిండర్‌కు కట్టుబడకుండా అన్నిటిలో తిరుగుతుంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడాలి. పెట్రోలు ఫిల్టరు, పంపు ఒత్తిడి, కాయిల్, డిస్ట్రిబ్యూటర్, కంప్యూటరు ఎర్తు వైరు ఈ కోవలోవి. పెట్రోలు పైపుల్లో సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి వేడి ఇంజన్ మీద వాటిని విప్పకూడదు. ఆ పని తెలిసినవాళ్ళకే వదలాలి.

ఇదంతా మనమే చేసుకోవాలని చెప్పడం లేదు. పోమెన్ దగ్గరకు వెళ్ళినప్పుడు ‘ఏ సిలిండర్ అన్నా? ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూశారా?’ అని అడగగలిగితే చాలు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు రాకముందే పార్టుకు డబ్బు ఇవ్వకండి. ఇంటికి పంపాల్సిన ఆ డబ్బు ఇంటికే చేరుతుంది.