మొదటిసారి భయం

మా కంపెనీ వనభోజనాల ఏర్పాట్లు తొలిసారి నా నెత్తిన పడ్డాయి. 120 మంది! పులిహోర చాలకపోతే నా పరువేం కాను? నిద్రపట్టక థామస్ కుక్‌ని తలుచుకున్నాను.

ఇంగ్లండులో కొయ్యపని చేసుకునే మనిషి. మద్యపానమంటే గిట్టదు. ఓ సభకి నడిచి వెళ్తుంటే ఆలోచన తట్టిందట. రైలు కంపెనీని ఒప్పించి, 1841 జులై 5న సుమారు 500 మందిని లెస్టర్ నుంచి లఫ్‌బరో సభకి తీసుకెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు. అలాంటి ఏర్పాటు ఆయనకీ అదే మొదలు! ఆ ఒక్కరోజే లోకమంతా తిప్పే వ్యాపారానికి నాంది అయింది. 178 ఏళ్లకి, 2019లో, ఆ కంపెనీ మూతపడిందనుకోండి, అది వేరే సంగతి.

పొద్దున్నే వంటాయనతో, "ఇంకో నాలుగు కిలోల బియ్యం ఎసట్లో పొయ్యండి స్వామీ" అన్నాను.

పులిహోర మిగిలింది. కాస్త ధైర్యమూ మిగిలింది.