రంగు వెలుగులో టమాటా

బల్లమీద నాలుగు టమాటాలు పేర్చి, ఫ్లాషుకి రంగు జిలటిన్ కాగితం చుట్టి ఫోటో తీయడం ఈకాలపు పిల్లల సరదా అనుకుంటాం. కాదండీ, దాని మూలం చాలా పాతది. తొలి రంగుల ఫోటోగా చెప్పుకునేదే ఒక రిబ్బను ముడిది! థామస్ సట్టన్ ఆ ముడిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు ద్రవాల గుండా విడివిడిగా ఫోటోలు తీశాడు. 1861 మే 17న లండనులో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వాటిని అవే రంగుల వెలుగుతో ఒకే తెరమీద కలిపి వేస్తే రిబ్బను రంగులు కనబడ్డాయి. తమాషా ఏమిటంటే, ఆనాటి ప్లేటుకి ఎరుపు తెలియనే తెలియదు. కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఆ పని చేసిపెట్టాయని నూరేళ్లకిగాని తేలలేదు!

ఫ్లాషు పొడి 1887లో జర్మనీలో వచ్చింది. మెగ్నీషియం భగ్గున మండేది, గదినిండా పొగ. మన వంటింటి పొగ చాలదూ! తర్వాత బల్బులు, ఆపైన ఎలక్ట్రానిక్ ఫ్లాషు.

ఇప్పుడు మన మదనపల్లె టమాటాని చీకటిగదిలో పెట్టి, ఉత్త ఆకుపచ్చ ఫ్లాషు వేసి చూడండి. దాదాపు నల్లగా వస్తుంది. ఎరుపు వెలుగు పడితేగదా అది ఎరుపుని తిప్పి పంపేది! ఒకపక్క ఎరుపు, మరోపక్క నీలం పెడితే ఒకదాని నీడలో రెండోది నిండుతుంది. చూడ ముచ్చటే.

నీరుగట్టువారిపల్లె పట్టుచీరకి మాత్రం ఈ ఆటలొద్దమ్మా. పుంగనూరులోనో కుప్పంలోనో కూర్చుని ఫోటో చూసి చీర కొనే ఆవిడ, ఆ రంగే ఇంటికొస్తుందని నమ్మి డబ్బిస్తుంది. చీరకి తెల్లని వెలుగే వాడండి.