లక్షణాలు లేనివారి ఈసీజీలో తేడా: ‘బ్లాక్’ అనగానే భయపడవలెనా?

ముంబయిలోని కామాటిపుర పేరు, తెలంగాణ ప్రాంతం నుంచి వలస వెళ్లి కట్టడపు పనులు చేసిన కామాటీల వలన ఏర్పడినది. అక్కడి చాళ్లలో నేటికీ తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. వైద్య శిబిరంలోనో, శస్త్రచికిత్సకు ముందో తీసిన ఈసీజీ కాగితంపై ‘అబ్‌నార్మల్’, ‘బ్లాక్’ అన్న మాటలు కనిపించగానే, ఏ బాధా లేని మనిషి సైతం దిగులుతో పని మానుకొనవచ్చు. లేదా ‘నాకేమీ లేదు’ అని కాగితాన్ని పెట్టె అడుగున పడవేయవచ్చు. రెండూ సరికావు.

బ్లాక్ అంటే ఏమిటి?

ఈసీజీ గుండెలోని విద్యుత్ ప్రసారాన్ని గీతలుగా చూపుతుంది. అందులోని ‘బ్లాక్’ ఆ ప్రసారంలోని జాప్యమో, అంతరాయమో తప్ప, రక్తనాళం పూడుకొనడం కాదు. రక్తనాళాల పూడికను చూపేది యాంజియోగ్రామ్. యంత్రం ముద్రించే వ్యాఖ్య కూడా తుది నిర్ణయం కాదు. ఛాతీపై తీగలు స్థానం తప్పినా గీతలు మారుతాయి.

సాధారణంగా ప్రమాదం లేనివి

ఆరోగ్యవంతునిలో కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ మాత్రమే ఉన్నచో తరచుగా చికిత్స అక్కరలేదు. పై గదుల నుంచి కింది గదులకు ప్రేరణ చేరుటకు 0.20 సెకనుకు కొద్దిగా మించి పట్టే తొలి దశ బ్లాక్, అరుదుగా వచ్చే అదనపు స్పందనలు కూడా సాధారణంగా ఇట్టివే.

ఉపేక్షింపరానివి

ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ కనిపిస్తే ఎకో పరీక్ష అవసరం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండెలో రక్తం గడ్డకట్టి, మెదడుకు చేరి పక్షవాతం కలిగించవచ్చు. ఎడమ జఠరిక మందమైనట్లు ఉంటే రక్తపోటు చూపించుకొనవలెను. మధుమేహం ఉన్నవారిలో నొప్పి తెలియకుండానే గుండెపోటు వచ్చిపోయి ఉండవచ్చు. పూర్తి బ్లాక్ ఉన్నచో బాధ లేకపోయినా పేస్‌మేకర్ అవసరం కావచ్చు.

తరువాత ఏమి చేయాలి?

వైద్యుడు వయస్సు, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్, పొగాకు అలవాటు, కుటుంబ చరిత్ర విచారించి, అవసరమైతే ఎకో, హోల్టర్ పరీక్షలు వ్రాస్తాడు. లక్షణాలు లేనివారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ట్రెడ్‌మిల్ పరీక్ష లేని జబ్బును ఉన్నట్లు చూపవచ్చు. కామాటిపురకు చేరువలో నగరపాలిక వారి నాయర్ ఆసుపత్రి, ప్రభుత్వ జె.జె. ఆసుపత్రి ఉన్నాయి.

పాత కాగితమే సాక్ష్యం

పదేళ్లుగా మారని తేడా వేరు, నిన్న మొన్న వచ్చిన తేడా వేరు. పాత ఈసీజీ లేనిదే ఈ భేదం తెలియదు. ఊరికీ ముంబయికీ మధ్య తిరిగే వలస కుటుంబాలలో ఈ కాగితాలే ముందుగా పోతాయి. పాత ఈసీజీ గీతలు కాలక్రమాన వెలిసిపోతాయి గనుక నకలు తీయించి, ఫోనులో చిత్రం దాచుకొని, వెళ్లిన చోటెల్లా చూపవలెను.

ఛాతీలో బిగువు, ఆయాసం, స్పృహ తప్పడం, ఒక వైపు చేయి కాలు పడిపోవడం కలిగితే మాత్రం కాగితాల కోసం వెదకక 108కి ఫోను చేయవలెను. ఈసీజీ బాగున్నంత మాత్రాన రక్తనాళాలు బాగున్నాయని కాదు. తేడా ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నదనీ కాదు.