పట్నం లెక్కలో వాడ ఎక్కడుంది? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

మన దేశంలో పట్నాల పెరుగుదల గురించి రాసేవాళ్ళు ఎప్పుడూ పెద్ద అంకెలతోనే మొదలుపెడతారు. 1951లో పది లక్షల జనాభా దాటిన నగరాలు 5. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, మన హైదరాబాదు. 1991కి అవి 23 అయ్యాయి, 2001కి 35, 2011కి 53. ఈ 53 నగరాల్లోనే 16 కోట్ల మంది ఉన్నారు. దేశంలోని పట్నవాసులు మొత్తం 37.7 కోట్లు కాబట్టి, పట్నంలో ఉండే ప్రతి వందమందిలో 42 మందికి పైగా మహానగరాల్లో ఉన్నట్టు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ కూడా మహానగర ప్రాంతానికి పది లక్షల దగ్గరే గీత గీసింది.

ఈ అంకెలు చూసి అభివృద్ధి అనేవాళ్ళున్నారు, భారం అనేవాళ్ళూ ఉన్నారు. ఆ లక్షల్లో మాదిగలెందరు, మాలలెందరు, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, వచ్చి ఎక్కడ తలదాచుకున్నారు అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ఈ ప్రశ్నను మహానగరం నడిబొడ్డున కాకుండా, మహానగరానికి మనుషుల్ని పంపే ఊళ్ళలో నిలబడి అడిగితే జవాబు వేరేగా కనిపిస్తుంది. అందుకే ఈ మూడు ఊళ్ళు. మూడూ ఒకే రైలుదారి మీద ఉన్నాయి, నిన్నటిదాకా అనంతపురం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. మూడింటి కథా మూడు రకాలు.

ముందు లెక్క చూద్దాం. హిందూపురం జనాభా 1991లో లక్షా 4 వేలు, 2001లో లక్షా 25 వేలు, 2011లో లక్షా 51 వేలు. ధర్మవరం 1991లో 79 వేల దగ్గరుండి, 2001లో లక్షా 3 వేలయి, 2011లో లక్షా 21 వేలు దాటింది. లక్ష దాటితే సెన్సస్ వాళ్ళ భాషలో అది మొదటి తరగతి పట్నం. మరి పెనుకొండ? 2011లో 27 వేల పైచిలుకు. 2020లో నగర పంచాయతీ అయిందాకా అది పంచాయతీగానే ఉండిపోయింది.

చరిత్ర పుస్తకాలు చదివిన వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఎందుకంటే ఈ మూడింట్లో రాజధాని అయిన ఊరు పెనుకొండ ఒక్కటే. 1565లో విజయనగరం కూలిపోయాక అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజ్యాన్ని ఇక్కడికే తెచ్చుకున్నాడు. శతాబ్దం చివరికి రాజధాని చంద్రగిరికి పోయింది. కోట మిగిలింది, గగన్ మహల్ మిగిలింది. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో తాలూకా కచ్చేరీ, తర్వాత సబ్ కలెక్టరు ఆఫీసు వచ్చి అది ఆఫీసుల ఊరయింది. రైలు స్టేషను కూడా ఉంది. అయినా ఊరు పెరగలేదు. రాజులూ ఆఫీసులూ ఉన్నంత మాత్రాన పట్నం కాదు, పనీ సంతా ఉండాలి. పెనుకొండ వైభవం గురించి రాసిన వాళ్ళెవరూ ఆ కోట గోడల రాళ్ళు మోసిన వాళ్ళ వాడ ఎక్కడుండేదో రాయలేదనుకోండి, అది వేరే వ్యాసం.

ఈ ప్రాంతంలో జనాభా లెక్క మొదలైందే చావుతో. మద్రాసు రాజధానిలో మొదటి సెన్సస్ 1871లో జరిగింది. రెండోది 1881లో. ఆ రెంటి మధ్య వచ్చింది ధాతు కరువు, 1876-78 నాటిది. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, అంతా బళ్ళారి జిల్లానే. పదేళ్ళలో బళ్ళారి జిల్లా జనాభా దాదాపు అయిదో వంతు తగ్గిపోయింది. ఇందులో వలసపోయిన వాళ్ళూ ఉన్నారు, కానీ ఎక్కువ చావులే. చచ్చింది ఎవరు? గాదె లేని వాళ్ళు, భూమి లేని వాళ్ళు, కూలి ఆగితే కుండ ఆగే వాళ్ళు. అంటే ఎక్కువగా మన వాళ్ళే. 1882లో బళ్ళారిని చీల్చి అనంతపురం జిల్లా చేశారు. కరువులో ధాన్యం చేరవేయడానికని రాయలసీమలో రైలు మార్గాలు వేశారు. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు పోయే మీటర్ గేజి దారి 1890ల మొదట్లో వచ్చింది. ధాన్యం తెస్తుందన్న రైలు తర్వాత నూరేళ్ళూ మనుషుల్ని తీసుకుపోయింది.

హిందూపురం పెరిగింది సంత వల్ల. మైసూరు సీమ సరిహద్దు పక్కనే ఉండటం, రైలు రావడం, బెల్లం, చింతపండు, మిరపకాయల వ్యాపారం కలిసొచ్చాయి. 1920లోనే మునిసిపాలిటీ అయింది. ఇక్కడి మండీల్లో దుకాణం సొంతదారు ఎవరు, హమాలీ ఎవరు అని చూస్తే కులం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. చింతకాయ కొట్టి, గింజ తీసి, ఈనె లాగే పని ఆడవాళ్ళది. ఇందులో ఒక తిరకాసు ఉంది. ఒక ఊరు పట్నమా కాదా అని తేల్చడానికి సెన్సస్ వాళ్ళు పెట్టుకున్న కొలతలు మూడు: జనం 5 వేలుండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్ళలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనిలో ఉండాలి. మగవాళ్ళలో! చింతపండు కొట్టే వేల చేతులు ఊరిని పట్నం చేస్తాయి గానీ, పట్నం అని తేల్చే లెక్కలోకి మాత్రం రావు.

పల్లె నుంచి ఈ పట్నాలకు మాదిగలు ఎందుకొచ్చారన్నదానికి కరువు అని ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకుంటారు. కరువు ఎప్పుడూ ఉండేదే. దాన్ని మించి ఇంకోటి జరిగింది. ఈ సీమలో బావుల కింద సేద్యమంతా కపిలలతో నడిచేది. రెండెద్దులు వాలు దారిలో దిగుతుంటే బావిలోంచి తోలుబాన నీళ్ళతో పైకొచ్చేది. ఆ బాన, దాని తొండం, ఎద్దుల వార్లు, చెర్నాకోల అన్నీ మాదిగ చేతి పనే. తోలు ఊనడం, కుట్టడం, చిరిగితే మళ్ళీ అతుకు వేయడం. అందుకు కళ్ళం దగ్గర ధాన్యం మేర ఇచ్చేవాళ్ళు. ఆ మేర భిక్షగానే ఇచ్చారు తప్ప హక్కుగా ఇవ్వలేదు. అందులో అవమానం ఉంది, వెట్టి ఉంది, అయినా దాంట్లో ఏడాది గింజలుండేవి. పల్లెలకు కరెంటు వచ్చి, బావి మీద మోటారు కూర్చున్నాక కపిల పోయింది. కపిలతో బాన పోయింది, బానతో మేర పోయింది. ఒక పంపుసెట్టుకు ప్రభుత్వం అప్పిచ్చింది, రాయితీ ఇచ్చింది. ఆ పంపుసెట్టు వల్ల పని పోయిన వాడికి ఏం ఇచ్చిందో ఏ పంచవర్ష ప్రణాళికలోనూ వెతకనక్కర్లేదు. చెప్పుల పని కొన్నాళ్ళు నిలబడింది, తర్వాత రబ్బరు చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు వచ్చి అదీ పోయింది. అట్లా వృత్తి పోయిన కుటుంబాలు హిందూపురం, ధర్మవరం అంచుల్లో గుడిసెలేశాయి. సెన్సస్ దీన్ని పట్టణీకరణ అంటుంది.

ధర్మవరం పట్టుచీరల ఊరు. 1964లో మునిసిపాలిటీ అయింది. గుంతకల్లు దారీ పాకాల దారీ ఇక్కడే కలుస్తాయి. ధర్మవరం పేరెత్తితే పద్మశాలి, తొగట నేతగాళ్ళ పేరు వస్తుంది, అది న్యాయమే. వాళ్ళ అప్పులూ ఆత్మహత్యలూ మనకు తెలిసినవే. కానీ నేత అంటే ఆ కులాలదేనన్న మాట చరిత్రకు సరిపోదు. తెలుగునాట మాలలు తరతరాలుగా ముతక బట్ట నేసిన వాళ్ళు. ఇంగ్లీషు అధికారులు రాసిన కులాల గ్రంథాల్లో కూడా ఈ సంగతి ఉంది. మిల్లు బట్ట వచ్చి ఆ ముతక మగ్గం వాడలోంచి మాయమైంది. పట్టు మగ్గానికి సహకార సంఘాలొచ్చాయి, పేరొచ్చింది. ముతక మగ్గానికి జ్ఞాపకం కూడా మిగల్లేదు. తర్వాత తర్వాత పట్టు మగ్గం వేరే కులాల చేతికీ వచ్చింది. మన వాళ్ళలోనూ కూలిమగ్గం నేసే వాళ్ళున్నారు. తాత సొంత మగ్గం మీద ముతక బట్ట నేసిన వాడు, మనవడు ఇంకొకరి మగ్గం మీద పట్టు నేసే కూలీ. ఊరి జనాభా మాత్రం పెరిగింది!

ఇక అంకెలు ఎట్లా పెరుగుతాయో చూద్దాం. పిల్లలు పుడితే పెరుగుతాయి, మనుషులొస్తే పెరుగుతాయి, గీత జరిపినా పెరుగుతాయి. ఈ మూడోదాన్ని మనవాళ్ళు సరిగా పట్టించుకోలేదు. 2001లో హైదరాబాదు కార్పొరేషను జనాభా 36 లక్షలు. 2007లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు. 2011లో ఆ జనాభా 67 లక్షలు దాటింది. అదే 2007లో బెంగుళూరు కూడా ఏడు పురసభలనూ, ఒక చిన్న మునిసిపాలిటీనీ, 110 పల్లెలనూ మింగింది. పల్లెను మింగినప్పుడు ఊరూ వాడా రెండూ లోపలికి వస్తాయి. ఊరి పొలానికి గజాల లెక్కన ధర వస్తుంది. వాడకు మురికివాడ అనే కొత్త పేరు వస్తుంది. ప్రభుత్వం గర్వంగా చెప్పుకునే వాడ ఒక్కటే, పారిశ్రామికవాడ. హిందూపురం పక్కన తూముకుంట దగ్గర అదీ ఉంది.

గీత జరపడంలో ఇంకో రకం ఉంది. బెంగుళూరు విమానాశ్రయం దగ్గరవుతుందని 2009 ప్రాంతంలో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. అందులో పేదలకిచ్చిన అసైన్డ్ భూములున్నాయి. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేసింది ప్రభుత్వమే, ఆ భూమిని తిరిగి తీసుకున్నదీ ప్రభుత్వమే. హబ్ రాలేదు, కేసులొచ్చాయి. భూమి పోయిన వాళ్ళు ఏ పట్నం జనాభాలో కలిశారో లెక్క లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం జరిగి 2019లో కార్లు బయటికొచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్ల శక్తి ఉన్న ఫ్యాక్టరీ. నాలుగు వందల ఏళ్ళు పెరగని పెనుకొండ దానితో కదిలింది. ఎంత కదిలిందో చెప్పే సెన్సస్ మాత్రం లేదు, ఎందుకంటే 2021లో జరగాల్సిన లెక్క జరగలేదు.

ఇదేదో పండితుల గొడవ కాదు. మునిసిపాలిటీలో ఎస్సీ వార్డులెన్ని అన్నది అక్కడి ఎస్సీ జనాభా నిష్పత్తిని బట్టి ఉంటుంది, రాజ్యాంగం 243-టి అధికరణం అదే చెబుతుంది. 2021 మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికలకు కూడా 2011 లెక్కే ఆధారం. రాష్ట్రంలో 2013 నాటి ఉపప్రణాళిక చట్టం నిధులకూ జనాభా నిష్పత్తే ఆధారం. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా ముప్పై ఏళ్ళు అడిగిందీ జనాభా నిష్పత్తి ప్రకారం వాటానే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం వర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రెల్లి ఉపకులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతంగా పంచింది. ఆ పంపకం వెనక ఉన్నదీ 2011 అంకెలే. వాడలో ఒక ఇల్లు లెక్క తప్పితే ఇవన్నీ తప్పుతాయి. క్రైస్తవుడని రాయించుకున్నవాడు 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ లెక్కలోంచే పోతాడు, అతని ఇల్లు వాడలోనే ఉన్నా సరే.

అంబేద్కర్ మనల్ని పల్లె వదలమన్నాడు. 1942 నాగపూర్ సభలో అంటరానివాళ్ళకు వేరే గ్రామాలు కావాలని తీర్మానం కూడా జరిగింది. పల్లె కులానికి కోట అని ఆయనకు తెలుసు. కానీ 2011లో దేశ జనాభాలో నూటికి 31 మంది పట్నాల్లో ఉంటే, ఎస్సీల్లో ఆ సంఖ్య 24 కూడా లేదు. అందరికంటే ముందు పల్లె వదలాల్సిన వాళ్ళు అందరికంటే వెనక ఉన్నారెందుకని? ఒక కారణం నిజంగానే పట్నంలో వాళ్ళకు చోటు లేకపోవడం. ఇంకోటి, పట్నంలో ఉన్నా పట్నంలో లేనట్టు లెక్కకు రావడం. శెనక్కాయ పంట ఎత్తాక, లేదా పంటే పోయాక, మన ఊళ్ళ జనం సుగ్గికి పోతారు, బెంగుళూరు బేల్దారి పనికి పోతారు. హిందూపురం నుంచి బెంగుళూరు నూరు కిలోమీటర్లే. ఆ నగరం 2001లో 57 లక్షలుండి 2011కి 85 లక్షలయింది. ఆ మేడలు కట్టిన చేతుల్లో మన చేతులెన్నో! ఓటు ఇక్కడ, రేషన్ కార్డు ఇక్కడ, ముసలి తల్లి ఇక్కడ, పని అక్కడ.

2011లో జనాన్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఇల్లు లేని వాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. ఇప్పుడు ప్రకటించిన సెన్సస్‌కు ఆధారం 2027 మార్చి 1. 1931 తర్వాత ఆగిపోయిన కులాల వారీ లెక్క ఇందులో ఉంటుందని 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అంటే మళ్ళీ ఫిబ్రవరే. మన వాడల్లో తలుపులకు తాళాలు వేలాడే నెల అది. ఎన్యూమరేటరు వచ్చేలోపు ఏ ఇంటికి తాళం ఉందో, ఆ ఇంటివాళ్ళు బెంగుళూరులో ఏ షెడ్డులో ఉన్నారో, అక్కడ వాళ్ళ కులం పేరు ఏమని రాశారో వాడ పిల్లలే ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. ధర్మవరం, హిందూపురం, పెనుకొండ కాలేజీల్లో చదివే మన పిల్లలకు ఆ పని చేతనవుతుంది.