మిరియాలు పండే చోటు

ఈమధ్య ఓ ఇంగ్లీషు కథ తెలుగు చేస్తూ ‘టింబక్టూ’ దగ్గర చతికిలబడ్డాను. ఎక్కడో లోకం చివర ఉండే వింత ఊరని వాళ్ళ భావం. మనకేం తక్కువ? ‘కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి’ అని రాసి పారేశాను.

మనసొప్పక పుస్తకాలు తిరగేస్తే ఏముందీ, అది అడవే కాదు! ఆఫ్రికాలోని మాలీ దేశంలో, సహారా ఎడారి అంచున నిజంగా ఉన్న ఊరు. 15, 16 శతాబ్దాల్లో పండితులకు నిలయం. ఉప్పు, బంగారంతోపాటు చేతిరాత పుస్తకాలకూ అక్కడ మంచి గిరాకీ! 1826లో అక్కడికి చేరిన లెయింగ్ అనే బ్రిటిష్ సైన్యాధికారి తిరుగుదారిలో హత్యకు గురయ్యాడు. 1828లో మారువేషంలో వెళ్ళిన ఫ్రెంచి యాత్రికుడు రెనే కయ్యే మాత్రం క్షేమంగా ఇల్లు చేరాడు. దారి దొరకని ఐరోపావాళ్ళకే అది లోకం చివర. ఆ ఊరి తల్లులకు మాత్రం సొంత గుమ్మమే కదా!

జర్మన్లయితే గిట్టనివాణ్ణి ‘మిరియాలు పండే చోటికి పో’ అంటారు. మిరియాలకు పుట్టిల్లు మన మలబారు తీరమేనాయె!

కారడవి కొట్టేసి, టింబక్టూను టింబక్టూగానే ఉంచేశాను. ఆ రాత్రి చారులోకి మిరియాలు దంచుతుంటే నవ్వొచ్చింది. చెప్పొద్దూ, మన వంటిల్లూ ఎవరికో టింబక్టూయే!