గ్యాంగ్‌స్టా ర్యాప్ కళాకారుడు

గ్యాంగ్‌స్టా ర్యాప్ కళాకారుడు అనగా హిప్ హాప్ సంగీతంలో ముఠాల జీవితాన్ని, వీధి నేరాలను, పోలీసులతో ఘర్షణను ఉత్తమ పురుషలో, అంటే "నేను" అంటూ, పాడే గాయకుడు లేక గాయకురాలు. ఈ శాఖ 1980ల మధ్యకాలంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్ నగరాలలో రూపు దిద్దుకొన్నది. ఎవరిని ఈ పేరుతో పిలవాలన్న ప్రశ్న సంగీత విమర్శకులకే పరిమితం కాలేదు, న్యాయస్థానాల దాకా వెళ్ళింది. పాటలోని "నేను", పాడేవాడు ఒకరేనని నమ్మితే పాట నేరాంగీకార పత్రమౌతుంది. వేరని నమ్మితే కల్పన అవుతుంది.

పేరు

"గ్యాంగ్‌స్టర్" అనే మాటను నల్లజాతి అమెరికన్లు చివరి రకారం లేకుండా పలుకుతారు. "గ్యాంగ్‌స్టా" అన్న రూపం ఆ ఉచ్చారణ నుండి వచ్చినదే. సంగీత శాఖకు ఈ పేరు స్థిరపడడానికి ప్రధానంగా పత్రికలు కారణం. "స్ట్రెయిట్ అవుటా కాంప్టన్" (1988) ఆల్బముతో పేరుపొందిన ఎన్.డబ్ల్యు.ఏ. బృందంవారు తమది "రియాలిటీ ర్యాప్" అని, అనగా ఉన్నదున్నట్లు చెప్పే పాట అని చెప్పుకొనేవారు.

పుట్టుక

ఫిలడెల్ఫియాకు చెందిన స్కూలీ డి 1985లో తన పేటలోని ముఠా పేరు మీద పాడిన పాటను ఈ శాఖకు మొదటిదిగా చాలామంది లెక్కిస్తారు. మరుసటి ఏడు లాస్ ఏంజెలెస్‌లో ఐస్-టి, 1987లో న్యూయార్కులో బూగీ డౌన్ ప్రొడక్షన్స్ ఇదే దారి పట్టారు. అయితే మూలాలు ఇంకా పాతవి. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయిస్ నగరంలో లీ షెల్టన్ అనే వ్యక్తి బిల్లీ లయన్స్‌ను కాల్చి చంపిన సంఘటన "స్టాగోలీ" అనే జానపద కథాగేయంగా మారి తరతరాలుగా పాడబడింది. ఆ కథాగేయాన్ని పాడినవారు "అతడు" అని పాడితే, ర్యాప్ కళాకారులు ఎక్కువగా "నేను" అన్నారు. చిన్న మార్పే, కానీ ఆ తరువాతి గొడవంతా ఇందులోనే ఉంది.

సంగీతపరంగా డ్రమ్ మెషీను లయ, పాత ఫంక్ పాటల ముక్కలు దీనికి ఆధారం. 1992 డిసెంబరులో డాక్టర్ డ్రే వెలువరించిన "ది క్రానిక్" తరువాత లయ నెమ్మదించి, సింథసైజరు రాగం ముందుకు వచ్చింది. దీనిని జి-ఫంక్ అంటారు.

నేర చరిత్ర ఉండాలా?

ఈ కళాకారుడు నిజంగా ముఠాలో ఉండి ఉండాలన్నది సామాన్యంగా ఉన్న అభిప్రాయం. కళాకారుల జీవితాలు దీనిని బలపరచవు. ఎన్.డబ్ల్యు.ఏ. గేయరచయితలలో ముఖ్యుడైన ఐస్ క్యూబ్ తొలి ఆల్బముకు ముందు అరిజోనాకు వెళ్ళి భవనాల నక్షాలు గీయడంలో ఏడాది కోర్సు చదివాడు. "బాయ్జ్-ఎన్-ద-హుడ్" (1987) రాసింది ఇతడే, కానీ "నేను" అంటూ పాడింది ఈజీ-ఇ. తుపాక్ షకూర్ బాల్టిమోర్ కళల పాఠశాలలో నాటకం, కవిత్వం, బ్యాలే నేర్చుకొన్నాడు.

అన్నిటికంటె విచిత్రమైన ఉదాహరణ రిక్ రాస్. మాదకద్రవ్యాల వ్యాపారిగా పాటలలో చెప్పుకొన్న ఇతడు 1990లలో ఫ్లోరిడాలో జైలు కాపలా ఉద్యోగం చేసినట్లు 2008లో బయటపడింది. మొదట కాదన్నాడు, తరువాత ఒప్పుకొన్నాడు. అభిమానులు పెద్దగా పట్టించుకోలేదు. ఆ మరుసటి ఏడు వచ్చిన ఆల్బము కూడా బాగా అమ్ముడుపోయింది. కాబట్టి గ్యాంగ్‌స్టా ర్యాప్ కళాకారుడిని నిర్ణయించేది పోలీసు రికార్డు కాదు, పాటలో అతడు ధరించే పాత్ర. ఆ పాత్రకు తగిన పేట, భాష, వివరాల పట్టు మాత్రం తప్పనిసరి.

దీనికి మరో వైపు కూడా ఉంది. తుపాక్ షకూర్ 1996 సెప్టెంబరులోను, నొటోరియస్ బి.ఐ.జి. 1997 మార్చిలోను తుపాకి కాల్పులలోనే మరణించారు. పాత్రకు, మనిషికి మధ్య గీత అందరి విషయంలోను చెరగకుండా నిలవలేదు.

న్యాయస్థానంలో పాట

ఎన్.డబ్ల్యు.ఏ. పోలీసు వ్యతిరేక గీతంపై 1989 ఆగస్టులో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు రికార్డు కంపెనీకి లేఖ రాశాడు. 1988లో విధినిర్వహణలో 78 మంది అధికారులు హత్యకు గురయ్యారని అందులో గుర్తుచేశాడు. కేసు మాత్రం పెట్టలేదు. బృందానికి ఆ లేఖ ఉచిత ప్రచారమైంది.

తరువాతి తరం అంత తేలికగా బయటపడలేదు. న్యూజెర్సీలో వాంటే స్కిన్నర్ అనే వ్యక్తిపై హత్యాయత్నం కేసులో అతడు రాసుకొన్న ర్యాప్ పద్యాలను 13 పుటలు జ్యూరీకి చదివి వినిపించారు. వాటిలో ఆ సంఘటన ప్రస్తావన లేదు. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇది చెల్లదన్నది. షెరీఫును కాల్చానని పాడిన బాబ్ మార్లే నిజంగా కాల్చాడని ఎవరూ అనుకోరు కదా అని తీర్పులో గుర్తుచేసింది. కాలిఫోర్నియా 2022లో పాటలను సాక్ష్యంగా వాడడంపై ఆంక్షలతో చట్టం చేసింది. అయినా 2023 నవంబరులో జార్జియాలో యంగ్ థగ్ కేసులో 17 చోట్ల పాట చరణాలను న్యాయమూర్తి షరతులతో అనుమతించాడు.

తెలుగునాట

తెలుగు శ్రోతలలో అధికులకు ర్యాప్ పరిచయమైనది "ప్రేమికుడు" (1994) చిత్రంలోని "పేట ర్యాప్" ద్వారా. అది హాస్య ధోరణి పాట. అమెరికాలో పుట్టిన తెలుగు సంతతి గాయని రాజకుమారి (జననం 1986) కూచిపూడి నేర్చి ర్యాప్ వైపు వచ్చింది. 2017లో ముంబై ర్యాపరు డివైన్‌తో కలిసి "సిటీ స్లమ్స్" పాడింది. ఇందులో వీధి ఉంది గాని ముఠా లేదు. దీనిని "గల్లీ ర్యాప్" అనడం సబబు.

తెలుగులో రాజ్యంతో నేరుగా తలపడిన పాట ర్యాప్ కాదు, విప్లవ గీతం. 1972లో ఏర్పడిన జననాట్యమండలి, దాని గాయకుడు గద్దర్ (1949-2023) ఇందుకు ప్రసిద్ధులు. గద్దర్‌పై 1997 ఏప్రిల్ 6న కాల్పులు జరిగాయి. ఈ పాటలలో ఎక్కువగా వినిపించేది "మేము", "మనము". గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో ఒంటరి "నేను". అందువలన రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కానీ పాటను నేరంగా చదవడంలో పోలిక స్పష్టం.

ఖమ్మం జిల్లా వేంసూరు నియోజకవర్గం నుండి శాసనసభకు ఎన్నికైన జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా (1973-78), 1974లో సికింద్రాబాదు కుట్ర కేసు నమోదైంది. విరసం సభ్యులైన వరవరరావు, చెరబండరాజు, కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, ఎం.టి. ఖాన్, ఎం. రంగనాథం నిందితులలో ఉన్నారు. వారి రచనలు, ప్రసంగాలు హింసను ప్రేరేపించాయన్నది ముఖ్యమైన ఆరోపణ. 1989లో న్యాయస్థానం కేసును కొట్టివేసి, నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. చెరబండరాజు అప్పటికి ఏడేళ్ళ క్రితమే, 1982లో, మరణించాడు.